కొత్త శిక్షాస్మృతి ముసాయిదాకు సాయం చేయడం ఎలా: ఒక్క సెక్షన్‌తో మొదలుపెట్టండి

కర్నూలు జిల్లా కోర్టులో నా దగ్గరికి వచ్చే జూనియర్లు, అనంతపురం, కడపల నుంచి ఫోన్ చేసే లా విద్యార్థులు కొంతకాలంగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ఫలానా దేశం కొత్త శిక్షాస్మృతి రాసుకుంటోందట, ఆ ప్రభుత్వానికి సాయపడే నిపుణుల బృందం మా ప్రొఫెసరుగారి ద్వారా ఒక అధ్యాయం చూసిపెట్టమంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని. ఇంకొందరికి పిలుపు రాలేదు, వస్తే సిద్ధంగా ఉండాలని ఆశ. ఫోన్‌లో చెప్పిన మాట సగమే నిలుస్తుంది. అందుకే వరుసగా రాస్తున్నాను.

ముందు ఒక సందేహం తీర్చాలి. దొంగతనాలు, కొట్లాటల కేసులు నడుపుకునే మనకు ఇంకో దేశం శిక్షాస్మృతితో ఏం పని? చాలా పని ఉంది. మెకాలే అధ్యక్షతన మొదటి లా కమిషన్ 1837లో తయారుచేసిన ముసాయిదా 1860లో చట్టమై, 1862 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అదే మన భారత శిక్షాస్మృతి, ఐపీసీ. అది మన దగ్గరే ఆగిపోలేదు. శ్రీలంక, మలేసియా, సింగపూర్, మయన్మార్ శిక్షాస్మృతులు అదే అచ్చులో పోసినవి. సూడాన్ దాన్ని తీసుకుంది, సూడాన్ నుంచి ఉత్తర నైజీరియా తీసుకుంది. పాకిస్తాన్‌లో హత్యకు నేటికీ సెక్షన్ 302. మన సెషన్స్ కోర్టుల్లో కొన్నేళ్లు నిలబడ్డవారికి ఈ చట్టాలు చదువుతుంటే పొరుగూరి వీధుల్లో నడిచినట్టు ఉంటుంది.

విద్యార్థులూ వెనకాడనక్కర లేదు. మాల్దీవుల కొత్త శిక్షాస్మృతి ముసాయిదాను పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు పాల్ రాబిన్సన్ తన విద్యార్థులను వెంటబెట్టుకుని తయారుచేశారు. 2004లో మొదలైన ఆ పని 2014లో చట్టమై, 2015 జూలైలో అమల్లోకి వచ్చింది. ఇలాంటి బృందాల్లో సిద్ధాంతం తెలిసినవారికి కొరత ఉండదు. ఒక సెక్షన్ పోలీస్ స్టేషన్ మెట్లెక్కాక ఏమవుతుందో, ఆస్పత్రిలో వూండ్ సర్టిఫికెట్ (గాయాల ధ్రువపత్రం) రాసే డాక్టరు చేతిలో ఏమవుతుందో చూసినవారే తక్కువ. మీరు ఇవ్వగలిగింది ఆ చూపే.

కావలసినవి

ఆ దేశపు రాజ్యాంగం, ఇప్పుడున్న శిక్షాస్మృతి, నేర విచారణ విధాన చట్టం, సాక్ష్య చట్టం. ఇంగ్లిష్ అనువాదం మాత్రమే దొరికితే అది అధికారికమా కాదా అని మొదటి రోజే తెలుసుకోండి.

ఐపీసీ, దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత బేర్ యాక్టులు (వ్యాఖ్యానం లేని చట్టం ప్రతులు) రెండూ పక్కపక్కన.

మీరు నడిపినవో, మీ సీనియర్ నడుపుతుండగా చూసినవో పదిహేను కేసుల సంగతులు. ఒక్కోటి ఐదారు వాక్యాల్లో, పేర్లు, ఊళ్లు తీసేసి రాసుకోండి. కక్షిదారు మనకు నమ్మి చెప్పిన సంగతి ఏదీ అందులో ఉండకూడదు. తీర్పుల్లో ఉన్నవి, బహిరంగ విచారణలో వచ్చినవి చాలు.

ఆ దేశంలో కేసులు నడిపే ఒక న్యాయవాదితో పరిచయం. పై మూడూ ఉండి ఇది లేకపోతే పని ఒప్పుకోవద్దని నా సలహా. బృందాన్నే అడగండి, చూపిస్తారు.

వ్యవధి విషయం: ఒక్క సెక్షన్ మీద నిజాయతీగా పనిచేయడానికి మూడు, నాలుగు రోజులు పడుతుంది. వారంలో ఒక అధ్యాయం మొత్తం కావాలంటే, మూడు సెక్షన్లు మాత్రమే చేయగలనని చెప్పండి. తప్పేమీ లేదు.

1. అడిగింది ఏమిటో కాగితం మీద తెచ్చుకోండి

"ముసాయిదా మీద మీ అభిప్రాయం పంపండి" అని వస్తుంది. ఆ మాటకు నాలుగు అర్థాలున్నాయి. సెక్షన్ కొత్తగా రాయమనా? రాసినదాంట్లో తప్పులు పట్టమనా? ఇతర దేశాల్లో ఎలా ఉందో సేకరించమనా? శాసనసభ్యుల కోసం వివరణ రాయమనా? తిరుగు ఉత్తరంలో అడిగి, జవాబు వచ్చాకే పుస్తకం తెరవండి.

నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు అడగలేదు. దొంగసొత్తు పుచ్చుకోవడం మీద నలభై పేజీలు రాశాను, సుప్రీంకోర్టు తీర్పులన్నీ పేర్చి. వారం తర్వాత రెండు వాక్యాల జవాబు వచ్చింది. చాలా శ్రమపడ్డారు, కృతజ్ఞతలు; ఇంతకీ సెక్షన్ ఏ మాటలతో ఉండాలంటారు? నలభై పేజీల్లో ఎక్కడా నేను ఆ మాటలు రాయలేదు.

హెచ్చరిక: మీరు సలహాదారు మాత్రమే. ఏది నేరం, ఏది కాదు అన్నది ఆ దేశ ప్రజలు, వారి చట్టసభ తేల్చుకోవాలి. ఈ గీత ఎక్కడుందో ఐదో మెట్టులో మళ్లీ చూస్తాం.

2. పాతదానికీ కొత్తదానికీ రెండువైపుల పట్టిక గీయండి

ఐపీసీలో 511 సెక్షన్లు, న్యాయ సంహితలో 358. 2024 జూలై 1 తర్వాత మనందరం గోడకు అంటించుకున్న పట్టిక గుర్తుందిగా: హత్య 302 ఇప్పుడు 103, హత్యాయత్నం 307 ఇప్పుడు 109, మోసం 420 ఇప్పుడు 318. ఆ పట్టిక పాతదాని నుంచి కొత్తదానికి వెళ్తుంది. ముసాయిదా పనికి అదొక్కటే చాలదు. కొత్తదాని నుంచి పాతదానికి ఇంకొకటి కావాలి. మొదటి పట్టిక ఏది రాలిపోయిందో చెబుతుంది, రెండోది ఏది కొత్తగా చొరబడిందో చెబుతుంది.

రాలిపోవడం ఎంత ప్రమాదమో మన దగ్గరే చూశాం. "ప్రకృతి విరుద్ధ" లైంగిక చర్యలను నేరంగా చూసిన ఐపీసీ 377ను సుప్రీంకోర్టు 2018లో పరస్పర సమ్మతి ఉన్న వయోజనుల వరకే కొట్టివేసింది. సమ్మతి లేని చర్యలకు, పశువులపై జరిగే వాటికి ఆ సెక్షన్ నిలిచింది. న్యాయ సంహితలో దానికి జోడీ సెక్షన్ లేదు. దాంతో పురుషుడిపై పురుషుడు జరిపే లైంగిక దాడికి 377 ఇచ్చిన రక్షణ పోయింది. అత్యాచారం సెక్షన్‌లో బాధితురాలు స్త్రీయే. పట్టికలో ఒక గడి ఖాళీగా కనబడితే, పక్కన మూడింట్లో ఒక మాట రాయండి: కావాలని తీసేశారు, ఫలానా చోట కలిపారు, కారణం కనబడలేదు. మూడో మాట పడిన ప్రతి గడీ ఒక ప్రశ్నగా బృందానికి వెళ్లాలి.

3. నేరాన్ని అంశాలుగా విడగొట్టండి

ఇది మీకు రోజూ చేసే పనే. వాదనలో "ప్రాసిక్యూషన్ ఈ నాలుగు అంశాలు రుజువు చేయాలి" అంటాం కదా, అదే తలకిందులుగా. కాగితాన్ని నాలుగు నిలువు గళ్లు చేయండి: చేసిన పని, ఆనాటి పరిస్థితి, కలిగిన ఫలితం, మనస్థితి. దొంగతనం తీసుకుంటే: కదిలించడం పని. చరాస్తి కావడం, ఇంకొకరి స్వాధీనంలో ఉండటం, వారి సమ్మతి లేకపోవడం పరిస్థితి. ఫలితం గడి ఖాళీ. నిజాయతీ లేకుండా తీసుకునే ఉద్దేశం మనస్థితి.

మనస్థితి గడిలో చాలా ముసాయిదాలు దెబ్బతింటాయి. ఉద్దేశం, ఎరుక, తెగింపు, నిర్లక్ష్యం ఒకటి కాదు. ఒక సెక్షన్‌లో నాలుగు పరిస్థితులుంటే, "ఉద్దేశపూర్వకంగా" అన్న మాట వాటిలో దేనికి తగులుతుందో స్పష్టం కావాలి. బాలిక వయసు తెలియకుండా చేసినవాడి సంగతేమిటి? ఆ సొత్తు ప్రభుత్వానిదని తెలియనివాడి సంగతేమిటి? ప్రతి గడికీ విడిగా అడగండి.

పని గడి ఖాళీగా ఉంటే అక్కడే ఆగిపోండి. పని లేకుండా మనిషినే నేరస్థుడనడం ఎక్కడికి దారితీస్తుందో మనకంటే బాగా తెలిసినవారెవరు? 1871 నాటి నేరస్థ తెగల చట్టం తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చి, ఎరుకల కుటుంబాలను పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టింది. మద్రాసులో 1947లో రద్దయ్యేదాకా పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవలసిన బతుకులవి. "ఫలానా వర్గానికి చెందినవాడు", "సంచరించేవాడు", "అనుమానాస్పదంగా కనిపించేవాడు" వంటి మాటలు ఏ ముసాయిదాలో కనబడినా, ఎర్ర సిరాతో గుర్తుపెట్టండి. ఈ విషయంలో మొహమాటపడకండి.

4. మాటలు కుదించి రాయండి, తెలుగులోకి తిప్పి చూడండి

నియమాలు కొన్నే. ఒక భావానికి ఒకే మాట వాడాలి. మూడో సెక్షన్‌లో "గాయం" అన్నది ముప్పయ్యో సెక్షన్‌లో "దెబ్బ" కాకూడదు. ఒక వాక్యం ఒక పనే చేయాలి. మినహాయింపును విడి ఉపసెక్షన్‌గా రాయాలి. కొత్త మాటకు నిర్వచనం ఉండాలి, నిర్వచనంలో శిక్ష ఉండకూడదు.

మీ దగ్గర ఇంకో సాధనం ఉంది, దాన్ని వాడుకోండి. ఇంగ్లిష్‌లో రాసిన సెక్షన్‌ను తెలుగులో చెప్పి చూడండి, మీ గుమాస్తాకు చెబుతున్నట్టు. తెలుగులో వాక్యం ముగిసేసరికి ఎవరు, ఎవరిని, ఎందుకు అన్నది తేలిపోవాలి. మీరు మధ్యలో ఆగి "అంటే వాడు కాదు, ఇంకోడు" అనవలసి వచ్చిందంటే లోపం మీ తెలుగులో లేదు, ముసాయిదాలో ఉంది. ఆ దేశంలోనూ ఈ చట్టం వారి భాషలోకి వెళ్లాలి. అక్కడి అనువాదకుడు తడబడే చోట ఇక్కడ మీరు ముందే తడబడతారు.

మత్తు సెక్షన్‌తో సాధన చేయండి. తాగిన మైకంలో ఏం చేస్తున్నాడో తెలియనివాడికి మినహాయింపు ఉంది, ఆ మత్తు పదార్థం వాడికి తెలియకుండానో, ఇష్టం లేకుండానో ఇచ్చి ఉంటేనే. చివరి షరతులో "అయితేనే" అన్న చోట "తప్ప" అని పడితే అర్థం తిరగబడుతుంది. తనంతట తాను తాగినవాడు బయటపడతాడు, ఎవరో కలిపి తాగించినవాడు జైలుకు వెళ్తాడు. ఒక్క మాట. ఇలాంటి షరతు మాటల మీద పెన్సిలుతో సున్నా చుట్టి, ఒక్కోదాన్నీ తీసేసి, తిప్పేసి చదవండి.

5. కేసులతో కొట్టి చూడండి

పనంతా ఇక్కడే ఉంది. మిగతా మెట్లు తొందరగా దాటినా, ఇక్కడ రెండు రోజులు కూర్చోండి. గాయాల అధ్యాయంలో వచ్చే "సమ్మతి" సెక్షన్‌తో ఎలా చేయాలో చూపిస్తాను.

ముసాయిదాలో ఇలా ఉందనుకుందాం: "సమ్మతించిన వ్యక్తికి కలిగించిన గాయం నేరం కాదు." చదవడానికి ముచ్చటగా ఉంది. దీన్ని దేవరగట్టుకు తీసుకువెళ్దాం.

విజయదశమి రాత్రి మన హొళగుంద మండలంలోని దేవరగట్టులో జరిగేది మీలో చాలామంది చూసే ఉంటారు. మాళ మల్లేశ్వర స్వామి ఉత్సవమూర్తులను కాపాడుకుంటూ నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు ఒకవైపు. మూర్తులను తమ వైపు తిప్పుకోవాలని చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు ఇంకోవైపు. కాగడాల వెలుగులో, ఇనుప రింగులు తొడిగిన కర్రలతో. ఏటా తలలు పగులుతాయి. పసుపు అద్దుకుని మళ్లీ గుంపులోకి వెళ్లేవారున్నారు. ఆదోని, ఆలూరు ఆస్పత్రులు ఆ రాత్రి సిద్ధంగా ఉంటాయి. భక్తి, పంతం, ప్రమాదం మూడూ కలిసిన సంగతి ఇది. సమ్మతి సెక్షన్‌కు ఇంతకంటే గట్టి పరీక్ష నాకు తెలియదు.

ఆరు కేసులు రాసుకోండి.

ముప్పయ్యేళ్ల మనిషి తానే కర్ర పట్టి వచ్చాడు, నుదుటి మీద రెండు కుట్లు పడ్డాయి. ముసాయిదా ప్రకారం నేరం కాదు. మనకూ అభ్యంతరం ఉండదు.

అదే మనిషికి పుర్రె ఎముక చిట్లింది. ఎముక విరిగితే తీవ్రగాయం. ముసాయిదా ఇక్కడా నేరం కాదంటోంది. సరేనా?

తండ్రి వెంట వచ్చిన పదిహేడేళ్ల కుర్రాడికి చెయ్యి విరిగింది. వాడి సమ్మతి చెల్లుతుందా? ముసాయిదాలో వయసు ఊసే లేదు.

బండ మీద నిలబడి చూస్తున్న మనిషి మీద కాగడా పడింది. చూడటానికి రావడం సమ్మతేనా?

పాత కక్ష ఉన్నవాడు ఆ చీకటిని ఆసరా చేసుకుని తన ప్రత్యర్థినే వెతికి కొట్టాడు. దెబ్బ తిన్నవాడు ఒప్పుకున్నది దేవుడి కోసం జరిగే సమరానికి, ఆ కక్షకు కాదు.

ఒకరు చనిపోయారు.

ఆరింటిలో ఐదు చోట్ల ముచ్చటైన వాక్యం జవాబు చెప్పలేదు, లేదా తప్పు చెప్పింది. ఇప్పుడు ఐపీసీ 87 తీయండి, న్యాయ సంహితలో అది 25. పద్దెనిమిదేళ్లు దాటినవారి సమ్మతి అంది. ప్రాణహాని, తీవ్రగాయం ఉద్దేశించకూడదు, కలగవచ్చని ఎరిగి ఉండకూడదు అంది. ఇద్దరు సరదాకు కత్తిసాము ఆడటం ఉదాహరణగా ఇచ్చింది. ఆ ప్రతి ముక్కా ఇలాంటి ఒక కేసుకు జవాబుగా వచ్చి చేరిందని మీకే తెలుస్తుంది. మీ రెండో ముసాయిదా ఇలా రావచ్చు:

"పద్దెనిమిదేళ్లు నిండిన వ్యక్తి, తనకు కలగగల హాని ఎలాంటిదో తెలిసి, ఒక పనికి ఒప్పుకున్నప్పుడు, ఆ పనివల్ల అతనికి కలిగిన గాయం నేరం కాదు. పని చేసినవారు మరణాన్ని గానీ తీవ్రగాయాన్ని గానీ ఉద్దేశించినా, అవి కలగవచ్చని ఎరిగి ఉన్నా ఈ సెక్షన్ వర్తించదు. ఒప్పుకున్న పని హద్దు దాటి చేసిన దానికీ వర్తించదు."

మళ్లీ ఆరు కేసులనూ దీని మీద నడిపించండి. రెండో కేసు దగ్గర ఆగుతారు. కర్రకు ఇనుప రింగు ఉంది, ఏటా తలలు పగులుతున్నాయని అందరికీ తెలుసు. అంటే "ఎరిగి ఉన్నా" అన్న మాట కర్ర పట్టిన ప్రతివాడికీ తగులుతుంది. ఎముక విరిగిన మరుక్షణం నేరమే. ఒక దేశం తన ఉత్సవాలను, కుస్తీలను, ఆటలను ఇలా చూడాలనుకుంటోందా? ఇది రాత ప్రశ్న కాదు, విధాన ప్రశ్న. ముందు చెప్పిన గీత ఇదే. ఇక్కడ మీరు సెక్షన్‌కు రెండు పాఠాలు (రూపాలు) రాసి పంపాలి: సంప్రదాయ ఉత్సవాలకు షరతులతో మినహాయింపు ఉన్నది ఒకటి, లేనిది ఒకటి. ఒక్కోదాని ఫలితం రెండు వాక్యాల్లో చెప్పాలి. మీ మొగ్గు ఎటో చెప్పవచ్చు, దాన్ని మొగ్గు అనే చెప్పాలి. నేనైతే తీవ్రగాయానికి మినహాయింపు ఇవ్వను. ఆస్పత్రి వరండాలో కూర్చున్న తల్లులను చూశాను కనుక. కానీ నా మాట ఆ దేశానికి చట్టం కాదు.

ఆ దేశంలో దేవరగట్టు ఉండదు. దానికి సాటివచ్చేది ఏదో ఒకటి తప్పక ఉంటుంది. అక్కడి న్యాయవాదిని అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: మీ దగ్గర జనం ఇష్టపడి దెబ్బలు తినే సందర్భాలు ఏమిటి?

గుంపు నేరాల సెక్షన్లు వస్తే మన కక్షల కేసులు తీయండి. ఒకడు నరికితే, ప్రత్యర్థి ఇంట్లోని మగవాళ్లందరి పేర్లూ ఫిర్యాదులోకి ఎక్కడం మన సెషన్స్ కోర్టులు ఎరిగిన సంగతే. ఐదుగురు, అంతకు మించినవారు చేరితే ఒకరి పని అందరికీ చుట్టుకునే సెక్షన్, ఐపీసీలో 149, ఇప్పుడు 190, ఎంత అవసరమో అంత ప్రమాదం. గలాటా విని ఇంటి నుంచి పరుగెత్తుకొచ్చినవాడు, బండి నడిపినవాడు, కేకలు మాత్రం వేసినవాడు, నెల క్రితమే ఊరు వదిలి వెళ్లినవాడు. నలుగురినీ ముసాయిదా ముందు నిలబెట్టండి. నలుగురికీ ఒకే శిక్ష పడుతుంటే ఆ సెక్షన్‌లో మనస్థితి గడి ఖాళీగా ఉందన్నమాట.

6. శిక్షల నిచ్చెన గీయండి

అధ్యాయంలోని నేరాలన్నీ తీవ్రత ప్రకారం కింద నుంచి పైకి రాసి, పక్కన కనిష్ఠ, గరిష్ఠ శిక్షలు వేయండి. ఎక్కడ మెట్టు తలకిందులైందో చూపు పడగానే తెలుస్తుంది.

2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకు వచ్చిన న్యాయ సంహిత బిల్లులో, కులం, మతం వంటి కారణాలతో ఐదుగురు, అంతకు మించినవారు కలిసి చేసిన హత్యకు కనీస శిక్ష ఏడేళ్లు. ఒక్కడు చేసిన హత్యకు కనీసం యావజ్జీవం. గుంపుగా చంపితే తక్కువ పడే వీలు! డిసెంబరులో వచ్చిన బిల్లులో దాన్ని హత్యతో సమానం చేశారు, ఇప్పుడది 103(2). నిచ్చెన గీసి ఉంటే మొదటి రోజే కనబడేది.

కొత్త రకం శిక్ష పెడితే అది ఎవరు అమలు చేస్తారో అడగండి. మన దగ్గర సమాజ సేవను శిక్షగా చేర్చారు. ఐదు వేల రూపాయల లోపు సొత్తు తొలిసారి దొంగిలించి, తిరిగి ఇచ్చినవాడికి అది వర్తిస్తుంది. మంచి మార్పు. అయితే సమాజ సేవ అంటే ఏమిటన్నది న్యాయ సంహితలో దొరకదు, నేర విచారణ విధాన చట్టమైన నాగరిక్ సురక్ష సంహిత సెక్షన్ 23 వివరణలో వెతుక్కోవాలి. మీరు చూసే ముసాయిదాలో అలాంటి మాట ఉంటే, పని చేయించేది ఏ శాఖ, హాజరు ఎవరు రాస్తారు, ఎగ్గొడితే ఏమిటి అని మూడు ప్రశ్నలు పంపండి. పేద దేశంలో జరిమానాల మీదా ఇదే పట్టు పట్టండి. జరిమానా కట్టలేనివాడు జైలుకు వెళ్లేటట్టయితే, ఆ సెక్షన్ పేదవాడికి జైలు శిక్షే.

7. పక్క చట్టాలు, అమలు తేదీ

కడప వైపు శేషాచలం అడవిలో ఎర్రచందనం చెట్టు నరికి దుంగలు తరలించినవాడి మీద దొంగతనం సెక్షనూ పడుతుంది, ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 కింద కూడా కేసవుతుంది. ఏ దేశంలోనైనా అడవి, ఎక్సైజు, కస్టమ్స్, గనుల చట్టాలు శిక్షాస్మృతి పక్కనే ఉంటాయి. ఒకే పనికి రెండు శిక్షలు పడతాయా, ఏ చట్టానిది పైచేయి అని ముసాయిదా చెప్పాలి. ఆ దేశపు ప్రత్యేక చట్టాల జాబితా అక్కడి న్యాయవాది నుంచే తెప్పించుకోండి, మనకై మనం వెతికితే సగం తప్పిపోతాయి.

అమలు తేదీకి ముందు జరిగిన నేరానికి పాత చట్టమే వర్తించాలి. మన రాజ్యాంగం అధికరణం 20(1)లో ఉన్న సూత్రమే ఇది. రద్దు సెక్షన్‌లో పాత కేసుల రక్షణ ఉందో లేదో చూడండి. వ్యవధి కూడా చూడండి. న్యాయ సంహితకు రాష్ట్రపతి ఆమోదం 2023 డిసెంబరు 25న వచ్చింది, అమలు ఆరు నెలలకే. ఇండోనేసియా తన 2023 శిక్షాస్మృతికి మూడేళ్ల గడువు పెట్టుకుంది. స్టేషన్ రైటరు నుంచి జడ్జి దాకా చదువుకోవడానికి ఎంత కాలం పడుతుందో మీకు తెలుసు. ఆ మాట నిపుణులకు చెప్పండి, వింటారు.

8. పంపే కాగితం

ఒక్కో సెక్షన్‌కు రెండు పేజీలు మించవద్దు. పైన ముసాయిదాలోని పాఠం, దాని కింద మీరు సూచించే పాఠం, మారిన మాటలు గీత గీసి. తర్వాత కారణం, ఐదు వాక్యాల్లో. తర్వాత కేసుల పట్టిక: సంగతి, ముసాయిదా ఇచ్చే ఫలితం, మీ పాఠం ఇచ్చే ఫలితం. చివర, ప్రభుత్వం తేల్చుకోవలసిన విధాన ప్రశ్నలు విడిగా. తీర్పులు ఉదహరించాలంటే రెండో, మూడో చాలు. ప్రతి పేజీ మీద తేదీ, ఎన్నో ప్రతి అన్నది వేయండి. పాత ప్రతి మీద వ్యాఖ్య పంపితే చదివేవారి రోజు వృథా.

తరచూ జరిగే తప్పులు

ఐపీసీ పాఠాన్ని యథాతథంగా దించేయడం మొదటిది. అది గొప్ప రాత, నిజమే. కానీ ఆ దేశం ఫ్రెంచి, డచ్చి, ఇస్లామిక్ న్యాయ సంప్రదాయాల్లో పెరిగినదైతే మన "వివరణ", "ఉదాహరణ" పద్ధతి అక్కడి జడ్జికి కొత్త. ఉదాహరణలు చట్టంలో భాగమా కాదా అని ముందు అడగండి.

శిక్ష పెంచితే నేరం తగ్గుతుందన్న నమ్మకంతో ప్రతి సెక్షన్‌కూ ఏళ్లు చేర్చడం రెండోది. కోపంలో ఉన్నప్పుడు శిక్షల గడి ముట్టుకోవద్దని జూనియర్లకు చెబుతుంటాను.

లెక్కలున్న సెక్షన్లను ఆనవాయితీగా వదిలేయడం ఇంకొకటి. తీవ్రగాయానికి ఐపీసీ ఇరవై రోజుల నొప్పి అంది, న్యాయ సంహిత పదిహేను అంది. ఐదు రోజుల తేడాతో ఒక కేసు మొత్తం మారిపోతుంది. ప్రతి అంకె పక్కనా "ఎందుకు ఇంత?" అని రాయండి.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

ఇద్దరు జూనియర్లను పిలవండి. ఇద్దరికీ మీ సెక్షన్, అవే పదిహేను కేసులు ఇచ్చి వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టండి. ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. జవాబులు రెండు చోట్ల కంటే ఎక్కువ తేడా వస్తే సెక్షన్ ఇంకా పచ్చిగా ఉంది. తేడా వచ్చిన చోట ఎవరిది తప్పని వాదించకండి, ఇద్దరినీ అలా చదివించిన మాట ఏదో వెతకండి.

తర్వాత ఆ సెక్షన్ కింద ఒక చార్జి (నేరారోపణ) రాసి చూడండి. ఫలానా తేదీన, ఫలానా చోట, మీరు ఫలానా పని చేశారు, ఫలానా ఉద్దేశంతో. ఏ అంశం ఎక్కడ పెట్టాలో తెలియక కలం ఆగితే, మూడో మెట్టుకు వెనక్కి వెళ్లండి. విశ్రాంత హెడ్ కానిస్టేబులు ఎవరైనా తెలిసి ఉంటే, సెక్షన్ తెలుగులో చదివి వినిపించి, దీని కింద ఎవరిని అరెస్టు చేస్తారని అడగండి. మీరు ఊహించని మనిషి పేరు చెబితే ఆ కేసు పదహారోదిగా రాసుకోండి.

లా కాలేజీలో ఉన్నవారికి ఇద్దరు జూనియర్లు దొరకకపోతే తోటి విద్యార్థులు చాలు. ఫలితం అంతే వస్తుంది.

కాగితం పంపాక చాలా నెలలు చప్పుడుండదు. ఆ దేశంలో ఎన్నికలు వస్తాయి, మంత్రి మారతారు. మన ఐపీసీయే ముసాయిదాకు, చట్టానికి మధ్య 23 ఏళ్లు ఆగింది. ఒకరోజు సవరించిన ప్రతి వస్తుంది, మీ సెక్షన్‌లో రెండు మాటలు మారి ఉంటాయి. అందుకే కేసుల పట్టిక పారేయకండి. మారిన పాఠం మీద అదే పదిహేను, పదహారు కేసులనూ మొదటి నుంచి నడిపించి, ఫలితం మారిన కేసు నంబరు, మార్చిన మాట, మీ సూచన మూడే వాక్యాల్లో రాసి అదే వారంలో తిరిగి పంపండి.